ఐదు చుట్లకు జానెడు తేడా

పుంగనూరు దాటాక పెట్రోల్ బంకులో కారు తిప్పుతున్నప్పుడు నాకు ఆ కారులో మొదటిసారి భయం వేసింది. ట్యాంకు నింపించుకుని, స్టీరింగు పూర్తిగా కుడికి తిప్పి, మా ఆయన కారును మెల్లగా రోడ్డు వైపు మళ్లిస్తున్నాడు. పక్కన నడిచిపోతున్న మనిషి మాకంటే ముందున్నాడు. అంత మెల్లగా కదులుతున్న కారు సగం మలుపులో, ఎవరో వెనక తాడు కట్టి లాగినట్టు ఆగింది. ఆయన కాస్త ఎక్కువ తొక్కగానే ఒక్క కుదుపుతో వదిలింది. ఆ కుదుపు చక్రాల దగ్గర పుట్టలేదు. కారు నడిమధ్యలో, సరిగ్గా నా పాదాల కింద, ఇనుము ఇనుమును ఒరుసుకున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"ఏమది?" అన్నాను.

"కొత్త టైర్లు కదా, నేలను గట్టిగా పట్టుకుంటాండాయి" అన్నాడు మా ఆయన, అద్దంలో నన్ను చూస్తూ.

ముందు సీట్లో ఉన్న మా మామ వెనక్కి తిరగకుండానే నవ్వారు. "కొత్త సెప్పులు రెండు దినాలు కరవవా ఏమ్మా? ఇదీ అంతే."

నేను వెనక సీట్లో మధ్యన కూర్చున్నాను. కుడివైపు ఎనిమిదేళ్ల కూతురు, ఎడమవైపు నాలుగేళ్ల కొడుకు. ఇద్దరికీ కిటికీలే కావాలి కాబట్టి మధ్య చోటు ఎప్పుడూ నాదే. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకోవు. పిల్లవాడు ఒకసారి కదిలే కారులో తలుపు గొళ్లెం లాగబోయాడని చైల్డ్ లాక్ వేయించింది నేనే. ఆ పూట ముగ్గురం పిల్లలమే అయ్యాం.

ఆ టైర్ల సైజు ఎంచింది కూడా నేనే. అందుకే ఇది రాస్తున్నాను, పిల్లలు నిద్రపోయాక, వంటింటి గట్టు మీద నోటుబుక్కు పెట్టుకుని.

మా ఆయన కుప్పంలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో రాయి కోసే యంత్రాల దగ్గర సూపర్‌వైజరు. పెద్ద రాతిదిమ్మెలోకి రంపం దిగుతుంటే పక్కన నిలబడి చూసేవాళ్లకు అది కదులుతున్నట్టే ఉండదు. నీళ్లు కారుతుంటాయి, చప్పుడు వస్తుంటుంది, గంట తర్వాత చూస్తే గాటు కాస్త లోతైనట్టు ఉంటుంది. రోజంతా ఆ నిదానానికి కాపలా కాసి వచ్చే మనిషికి వేగం మీద ఎందుకంత ఆశో నాకు తెలుసు. రెండేళ్ల కిందట బెంగళూరులో ఒకాయన దగ్గర పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. మామూలు కార్లను ముందు చక్రాలో వెనక చక్రాలో లాగుతాయి. దీన్ని నాలుగూ లాగుతాయి. ముందరి వాటినీ వెనకటి వాటినీ కలుపుతూ కారు కింద పొడవునా ఒక షాఫ్టు ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లకు అది కాళ్ల దగ్గర ఎత్తుగా, పొలం గట్టులా కనిపిస్తుంది. ఆ గట్టుకు అటొక కాలు ఇటొక కాలు వేసుకుని కూర్చునేదాన్ని నేను.

రెండు మూడు నెలలకొకసారి తమిళనాడు వైపు ఒక రేసు ట్రాకులో ట్రాక్ డే ఉంటుంది. పోటీ కాదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, తమ వంతు వచ్చినప్పుడు చేతనైనంత వేగంగా నడుపుకోవచ్చు. మొదటిసారి పోయి వచ్చిన రోజు ఆయన గడపలో నిలబడి బూట్లు కూడా విప్పకుండా చెప్పాడు. "ఆటో అడ్డం రాదే, స్పీడ్ బ్రేకర్ లేదే, ఎనుము లేదే. రోడ్డంతా మనదే!" ఆ వారమంతా పిల్లలను కసురుకోలేదు. నాకు కాఫీ కలిపి ఇచ్చాడు. ఇంత మంచి మనిషిని చేసి పంపించేదాన్ని వద్దనడానికి నాకు నోరు రాలేదు. కానీ ఆయన ట్రాకుకు పోయిన ప్రతి ఆదివారం, ఫోను పక్కన పెట్టుకుని, అది మోగినా భయమే, మోగకపోయినా భయమే అన్నట్టు గడిపేదాన్ని.

పోయినసారి పోయి వచ్చి, మలుపుల్లో కారు తిరక్కుండా ముందుకే జారిపోతోందని, ఇంకా వెడల్పు టైర్లు వేయాలని అన్నాడు. నా చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చాడు.

"నువ్వు లెక్కల్లో డిగ్రీ సేసినావు కదా. ఏ సైజు అయితే బాగుంటాదో సూడు."

మదనపల్లిలో డిగ్రీ చదివినప్పుడు మా క్లాసులో బోర్డు దగ్గరికి పిలిస్తే తడబడకుండా పోయేదాన్ని. పెళ్లయ్యాక పిల్లల హోంవర్కు తప్ప నన్ను ఎవరూ లెక్క అడగలేదు. ఆ రాత్రి ఆశగా కూర్చున్నాను.

టైరు పక్కన 225/45 R17 అని ముద్ర ఉంటుంది. 225 దాని వెడల్పు, మిల్లీమీటర్లలో. 45 అంటే ఆ వెడల్పులో నూటికి నలభై ఐదు వంతులు పక్కగోడ ఎత్తు. 17 లోపలి రిమ్ము, అంగుళాల్లో. ఈ మూడు అంకెలు చేతికిస్తే, టైరు ఒక చుట్టు తిరిగితే ఎంత దూరం పోతుందో చెప్పొచ్చు. మా కారు పాత టైరుకు 1993 మిల్లీమీటర్లు వచ్చింది. ఆయన మనసు పద్దెనిమిది అంగుళాల రిమ్ముల మీద ఉంది. 245/40 R18 వేస్తే చుట్టుకు 2052. అంటే కారు కదలడంలో బరువవుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల తగులుతుంది. అదే ఉన్న పదిహేడు రిమ్ముకే 255/40 వేస్తే చుట్టుకు 1997. పాతదానికి నాలుగు మిల్లీమీటర్లే తేడా, నేలను పట్టుకునే వెడల్పు మాత్రం మూడు సెంటీమీటర్లు ఎక్కువ. రిమ్ములు ముందటి ఓనరు వేయించిన వెడల్పువే కాబట్టి కూర్చుంటాయి. పగలు కారు దగ్గరికి పోయి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేళ్లు పెట్టి చూసి వచ్చాను. పేజీ చివర "నాలుగూ ఇదే సైజు" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

ఆయన ఆ పేజీని ఫోటో తీసి ట్రాకు స్నేహితులకు పంపించాడు. "మా ఇంట్లోనే ఇంజనీరు ఉండాది" అని గొంతు రికార్డు చేసి పంపడం విన్నాను. సంతోషపడ్డాను. పడుకున్నాక అర్థమైంది, వద్దు అనే మాట ఇక నేను అనలేనని. ఏ టైరు మీద పోవాలో చెప్పినదాన్ని, పోవద్దని ఏ ముఖంతో చెప్పను?

ఆ శనివారం మదనపల్లిలో మా మామ ఇంటి నుంచి కుప్పానికి తిరిగి వస్తున్నాం. మామకు మూడు లారీలున్నాయి. మార్కెట్టు నుంచి టమోటా క్రేట్లు వేసుకుని చెన్నైకి, ఇంకా దూరానికి పోతాయి. ఇంటి గడపలకు గ్రానైట్ ఎంచుకోవాలని ఆయన మాతో బయల్దేరారు. దారిలో పుంగనూరులో మామ లారీలకు ఇరవై ఏళ్లుగా టైర్లు వేస్తున్న షాపు ఉంది. మా టైర్లు నాలుగూ తెప్పించి పెట్టింది ఆ షాపాయనే. మరుసటి రోజు, ఆదివారం, ట్రాక్ డే. తెల్లవారుజామునే పోవాలి.

కారు జాకీ మీద ఎక్కగానే పిల్లవాడికి బాత్రూం వచ్చింది. పక్కనున్న హోటలు దాకా తీసుకుపోయి, ఇద్దరికీ బిస్కెట్లు కొనిచ్చి తిరిగొచ్చేసరికి కారు నేల మీదికి దిగింది. ముందర రెండు కొత్త టైర్లు నల్లగా మెరుస్తున్నాయి. వెనక పాతవే ఉన్నాయి. మిగిలిన రెండు కొత్తవి షాపు అరలో, వాటి మీద సుద్దముక్కతో మామ ఇంటి పేరు.

"అన్నా, నాలుగూ వేయాల కదా?" అన్నాను షాపాయనతో.

"యాలమ్మా నాలుగూ ఒకేతూరి అరగదీసేది? వెనకటి వాటికి ఇంకా జీవం ఉండాది. అవి గుండయినాక ఈ రెండూ యేస్తా. యాడికీ పోవు, ఈడనే ఉంటాయి." జేబులోంచి కాగితం తీశాడు. మా ఆయన పంపిన నా పేజీకి ప్రింటు. "ఇదో, నువ్వే రాసినావు కదమ్మా, పాతదానికీ కొత్తదానికీ నాలుగు మిల్లీమీటర్లే తేడా అని. నాలుగు మిల్లీమీటర్లు టైరుకు ఒక లెక్కనా?"

మామ కూడా కలిశారు. "నా లారీలన్నీ అట్లే పోతాండాయి. ముందర కొత్తవి, వెనక పాతవి, కొత్త రబ్బరు అతికించిన రీట్రేడింగువి. ముందర పేలితే మనిషి పోతాడు. వెనక పేలితే టమోటా పోతాది."

అందరూ నవ్వారు. మా ఆయన ఒక్క క్షణం వెనక చక్రం వైపు చూశాడు. ఆయనకేదో అనుమానం వచ్చిందని నాకనిపించింది. కానీ ఎదురుగా నాన్న, చిన్నప్పటి నుంచి ఎరిగిన షాపాయన, చేతిలో పెళ్లాం రాసిన లెక్క. "జారేది ముందరే కదా. ముందర పట్టుంటే సాల్లే రేపటికి" అన్నాడు. నాకు కూడా అప్పుడు అది ఎందుకు తప్పో చెప్పడం తెలియలేదు. నేను నాలుగు అని రాశానన్నదొక్కటే తెలుసు. ఎక్కి నా మధ్య చోట్లో కూర్చున్నాను.

ఆ తర్వాత బంకు. ఆ తర్వాత కుప్పం రోడ్డు.

పలమనేరు దాటి కొంత దూరం పోయాక రోడ్డుకు రెండు పక్కలా అడవి. చెప్పులు విడిచి పాదాలు గట్టుకు ఆనించుకుని కూర్చోవడం నాకు అలవాటు. మొదట వెచ్చగా అనిపించింది. ఎండ అనుకున్నాను. కాసేపటికి పాదం ఆనించలేకపోయాను. అడుగున ఏదో రగులుతోంది.

మామ ముందున్నప్పుడు నేను మా ఆయనను "మీరు" అంటాను. లేనప్పుడు "నువ్వు". "నువ్వు కారు ఆపు" అనడం తేలిక. "మీరు కారు ఆపండి" అనే మాట, అదీ ముగ్గురు మగవాళ్లు తేల్చి వేయించిన టైర్ల మీద అనుమానంతో, నా గొంతులో తయారు కాలేదు. కూతురి చెవిలో చెప్పాను, నాన్నతో చెప్పమని.

"నాన్నా, అమ్మ కాళ్లు కాల్తాండాయంట!"

"ఏసీ పెంచుతా ఉండు."

"సెప్పులు ఏసుకో అమ్మా" అన్నారు మామ.

ఏసీ గాలితో పాటు వాసన కూడా వచ్చింది. మాడిన నూనె వాసన. ముందు ఇద్దరికీ తెలియలేదో, తెలిసినా కారు వాసనే కదా అనుకున్నారో. పక్కన బోర్డు పోయింది, ఏనుగులు తిరిగే చోటు, బండ్లు ఆపవద్దని. నేను మళ్లీ కూతురి చెవి దగ్గరికి వంగాను. "కడుపులో తిప్పుతాండాదని చెప్పు. ఆపమను."

అది నా ముఖంలోకి చూసి గట్టిగా అంది. "నాకు తిప్పలేదు కదమ్మా!"

మామ పగలబడి నవ్వారు. "ముందు ఎవరి కడుపులో తిప్పుతాండాదో తేల్సుకోండి తల్లీ."

"చెప్పవే" అని దాని చేయి నొక్కాను. గట్టిగానే నొక్కినట్టున్నాను. అది ఏడుపు గొంతుతో, "నాన్నా, నాకు కడుపులో తిప్పుతాండాది" అంది.

"ఈడ ఆపకూడదు పాపా. ఏనుగు వస్తే? అడవి దాటినాక ఆపుతా. కిటికీ తీసుకో."

అడవి దాటేదాకా దాని చేయి నా చేతిలోనే ఉంది. నేను నొక్కిన చోట ఎర్రగా కనిపిస్తూనే ఉంది. పిల్లవాడు నా ఒడిలో తల పెట్టి నిద్రపోయాడు. రెండు తలుపులూ లోపలి నుంచి తెరుచుకోవు. ఈ బండిలోకి నన్ను ఎవరూ బలవంతాన ఎక్కించలేదు. తలుపులకు తాళం, చక్రాలకు సైజు, రెండూ నేను చెప్పినవే.

అడవి దాటి ఒక ఊళ్లోకి వచ్చాక టీ అంగడి దగ్గర ఆపాడు. దిగి వచ్చి మా తలుపు తీశాడు. కూతురు దిగి, వాంతి చేసుకోవాలా వద్దా అన్నట్టు నన్ను చూస్తూ నిలబడింది. మామ అలవాటు కొద్దీ కారు చుట్టూ తిరుగుతూ ఒక్కో టైరునూ చేతి వెనకవైపుతో తాకారు. లారీవాళ్లు ఎక్కడ ఆగినా చేసే పని అది. వెనక టైరు దగ్గర చేయి రెండోసారి పెట్టి చూశారు.

"వెనకవి సెగలు కక్కుతాండాయే."

"ఎండకు నాయనా" అన్నాడు మా ఆయన.

మామ చేయి దులుపుకుని ఎక్కి కూర్చున్నారు. కుప్పంలో మా సందు మలుపు తిరిగేటప్పుడు కారు మళ్లీ అట్లాగే మొరాయించింది. ఈసారి మామ డ్యాష్‌బోర్డు మీద చేయి వేసి పట్టుకున్నారు.

ఇంటికి వచ్చి, కాఫీకి పాలు పెట్టి, అగ్గిపెట్టె వెతుకుతుంటే నాకు తట్టింది. రెండు అగ్గిపుల్లలు తీసుకుని బయటికి పోయాను. ఒకటి ముందు టైరు గాడిలోకి దించి, టైరు అంచు దగ్గర విరిచాను. ఇంకొకటి వెనక టైరు గాడిలో. ముందుది చిటికెన వేలి గోరంత వచ్చింది. వెనకది బియ్యపు గింజలో సగం.

నా లెక్క తప్పు కాదు. కానీ నేను వేసింది కొత్త టైరుకూ కొత్త టైరుకూ. అరిగిన టైరు దాని మీద రాసిన సైజు కాదు. నేను అది రాయలేదు. రాసి ఉంటే షాపాయన నా కాగితం నాకే చూపించేవాడు కాదు.

వంటింట్లోకి మా ఆయనను పిలిచాను. "రేపు నువ్వు ట్రాకుకు పోవద్దు."

"మళ్లీ మొదలుపెట్టినావా?"

"మొదలే పెట్టలేదు నేను ఇంతవరకు. వెనక టైర్లు చిన్నవైపోయినాయి. ముందరివీ వెనకవీ ఒక షాఫ్టుకు కట్టేసి ఉండాయి. ఒకటి ఎక్కువ తిరగాలంటాది, ఒకటి తక్కువ. మధ్యలో ఉండే గేర్ల డబ్బాలో ఆ రెండూ కొట్లాడుకుంటాండాయి. నా కాళ్లు కాలింది అందుకే."

"నాలుగు మిల్లీమీటర్లని నువ్వే..."

"తోసి చూద్దాం. నేను తప్పయితే పో."

అప్పటికి అంతకన్నా నాకు వేరే దారి దొరకలేదు.

మా ఇంటి ముందు వాకిలంతా ఫ్యాక్టరీలో మిగిలిన నల్లటి గ్రానైట్ ముక్కలు పరిచి ఉంటుంది, రెండు లారీలు వరసగా నిలిపేంత పొడవున. కూతురిని ముగ్గు గిన్నె తెమ్మన్నాను. పిండిలో నీళ్లు పోసి ముద్దగా కలిపి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ నేలను తాకే చోట ఒక్కో చుక్క పెట్టించాను. న్యూట్రల్‌లో పెట్టి మా ఆయన వెనక నుంచి తోశాడు. నేను ముందు తలుపు దగ్గర స్టీరింగు పట్టుకుని నడిచాను. మామ మెట్టు మీద కూర్చుని చూస్తున్నారు. కూతురు చక్రాల పక్కన వంగి నడుస్తూ లెక్క పెడుతోంది. చుక్క నేలను తాకినప్పుడల్లా నల్లరాయి మీద తెల్లటి ముద్ర పడుతోంది.

"ఒకటి. వెనకది కూడా ఒకటి. రెండు... అమ్మా, వెనక చుక్క ముందే వచ్చేసింది!"

మూడు, నాలుగు. తోయడం బరువవుతోందని మా ఆయన గస చెబుతోంది. ఐదో చుట్టుకు ముందు చుక్క నేలను తాకగానే ఆపమన్నాను. వెనక చుక్క అప్పటికే నేలను తాకి, దాటి, చక్రం వెనక వైపు పైకి లేచింది. కుట్టుమిషను టేపు తెచ్చి ముద్రల మధ్య కొలవబోయాను. అక్కర్లేకపోయింది. మామ లేచి వచ్చి, వెనక చుక్కకూ నేలకూ మధ్య టైరు మీద తన చేయి పరిచారు. బొటనవేలు నుంచి చిటికెన వేలి దాకా సరిగ్గా సరిపోయింది.

"జానెడు" అన్నారు.

మామ అక్కడే గొంతుక్కూర్చున్నారు. తల ఎత్తి, మా ఆయనను కాదు, నన్ను అడిగారు. "ఏమ్మా, దీనికి ముందర చక్రాలకూ వెనక చక్రాలకూ లంకె ఉండాదా?"

"ఉండాది మామా. లారీలో ముందరివి ఊరికే తిరుగుతాయి. దీంట్లో నాలుగూ లాగుతాయి. మీ లారీకి వెనక పక్కపక్కన జోడు చక్రాలుంటాయి కదా, అవి రెండూ ఎట్లనో, దీనికి నాలుగూ అట్ల."

మామ ముఖం మారిపోయింది. "జోడీలో ఒకటి కొత్తది, ఒకటి అరిగింది యేస్తారా ఎవురైనా? బరువంతా ఒకదాని మీదనే పడి పేలిపోదూ? నా డ్రైవర్ ఎవుడన్నా ఆ పని సేస్తే బండి దింపేస్తా." తల పట్టుకున్నారు. "ఈ మాట ఆడ పుంగనూరులో సెప్పుంటే అయిపోవును కదమ్మా."

"అప్పుడు నాకు తెలీదు మామా. తెలిసినా చెప్పేదాన్నో లేదో" అన్నాను.

మామ లేచి కొడుకు వైపు తిరిగారు. "రేపు ట్రాకు మీద నువ్వు వంద దాటి పోతా ఉంటే ఆ డబ్బా పట్టేసిందనుకో. ఏం సేస్తావు?"

పిల్లవాడు పలచబడిన ఐదో ముద్రను కాలితో తుడుస్తుంటే, "తుడవద్దురా" అని మా ఆయన వాణ్ని పక్కకు జరిపాడు. తర్వాత షాపాయనకు ఫోను చేశాడు. "అన్నా, ఆ రెండూ ఎవరికీ ఈయొద్దు. సోమవారం వస్తా. లేదు, రేపు పోను. మా ఇంట్లో ఒప్పుకోలేదు."

నాకు కళ్లు తిరిగినంత తేలికయ్యింది. ఆ తేలిక ఐదు నిమిషాలు ఉంది. భోజనాల దగ్గర ఆయన పళ్లెంలోంచి తలెత్తకుండా, నిజాయితీగానే అన్నాడు.

"ఇంక మీద నువ్వు చక్రాలన్నీ సూసి సరే అంటేనే ట్రాకుకు పోతా. నువ్వు వద్దంటే లేదు."

"అదీ మాట" అన్నారు మామ.

ఇద్దరూ నాకేదో పెద్దది ఇచ్చినట్టు చూశారు. నేను ఇంకో ముద్ద కలిపి పిల్లవాడి నోట్లో పెట్టాను. సోమవారం బస్సులో పోయి మిగిలిన రెండు కొత్త టైర్లూ తెచ్చి వెనక వేయించాడు. గేర్ ఆయిలు మార్పించాడు, పాతది నల్లగా వచ్చిందట. అప్పటి నుంచి నోటుబుక్కులో గాలి ఎంత, గాడి లోతు ఎంత అని నాలుగు చక్రాలకూ గళ్లు గీసి ఉన్నాయి. నెలకు రెండుసార్లు అగ్గిపుల్లలతో కొలుస్తాను, వాకిట్లో తోయించి చూస్తాను. చుక్కలన్నీ ఒకేసారి నేలను తాకుతున్నాయి. వచ్చే ట్రాక్ డేకి ఆయన పేరు ఇచ్చేశాడు, నా సరే కోసం చూస్తున్నాడు. లెక్క తప్పుంటే వద్దని చెప్పగలను. లెక్కంతా సరిగ్గా ఉంది. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఉత్త భయం, దాన్ని ఏ గడిలో రాయాలో తెలియడం లేదు. నేను సరే అన్న రోజున ఆయనకు ఏదైనా అయితే, నాలుగు చక్రాల కిందా నా సంతకం ఉంటుంది.

ఆ ఆదివారం పొద్దున మాత్రం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. పొద్దెక్కేదాకా నిద్రపోయాడు. నేను వాకిలి కడగడానికి పోతే కూతురు ముందే లేచి, రాతి మీద మిగిలిన తెల్లటి ముద్రల మీద ఒక్కొక్కదాని మీద నిలబడి గెంతుతోంది. తమ్ముడు దాని వెనకే గెంతుతున్నాడు. నన్ను చూసి ఆగింది. ముంజేయి తిప్పి చూపించింది. ఎరుపు పోయింది.

"అమ్మా, నిన్న నాకు కడుపులో తిప్పలేదు కదా. యాల అట్ల చెప్పమన్నావు?"

బకెట్టు కింద పెట్టి ఇద్దరినీ మెట్టు మీద కూర్చోబెట్టాను. చెప్పాను.

"తిప్పింది నాకు. భయమేసింది నాకు. తాత ముందర చెప్పలేక నీ కడుపు మీద పెట్టినాను, నీ చేయి కూడా నొప్పి చేసినాను. అది తప్పు. ఇంక మీద కారులో నాకు భయమేస్తే, ముందర ఎవరున్నా సరే, నేనే ఆపమని చెప్తాను. నీకు భయమేస్తే నువ్వు చెప్పు, తమ్ముడికేస్తే తమ్ముడు చెప్తాడు. ఎవరికి భయమేస్తే వాళ్లే చెప్పాల."